టికెట్టు లేనివాని పాట



"టికెట్టే కొనకుండా" అను సినిమా పాటను గూర్చి ఈ నెల వ్రాయబూనితిని. భక్తి వ్యాసములు వచ్చు పుటలలో సినిమా పాటకేమి పని అని మీలో కొందరు నొసలు చిట్లింతురని యెరుగుదును. అయినను ఆ పాట మన యిండ్లలోనే యున్నది. పెండ్లి ఊరేగింపులలో వాయించుచున్నారు. పండుగ సెలవులకు హైదరాబాదునుండి వచ్చు మన యౌవనస్థులు దానిని చేతిఫోనులలో పెట్టుకొని వత్తురు. పెద్దలు కేకలు వేసినప్పుడు చెవులకు తీగలు తగిలించుకొని విందురు. ఒక పాట చెడ్డదని తీర్పు చెప్పుటకు ముందు దానిని మొదటినుండి చివరివరకు వినుట న్యాయము గదా. నేను వింటిని. ఒక్కసారి కాదు.

ఈ పాట 2023 జూలై నెలలో వెలువడినది. దాని సినిమా "టిల్లు స్క్వేర్" వచ్చినది 2024 మార్చి 29న. అనగా ఎనిమిది నెలలు పాట ఒంటరిగానే తిరిగినది. ఇట్లు ఒక్కటిగా వదలిన పాటను "సింగిల్" అందురు. గ్రామఫోను దినములలో ప్రక్కకొక పాట పట్టు చిన్న పళ్ళెమునకు ఆ పేరుండెను. పళ్ళెము పోయినది, పేరు మిగిలినది. మాటలు కాసర్ల శ్యామ్‌గారివి. రాగము కట్టినవారును పాడినవారును రామ్ మిరియాలగారు. 2022లో వచ్చిన మొదటి చిత్రము "డీజే టిల్లు"లోని పేరు పాటకును ఈ యిరువురే కర్తలు.

రామ్ మిరియాలగారు మొదట హైదరాబాదులోని "చౌరస్తా" అను బృందములో పాడినవారు. గిటారులు, డ్రమ్ములు చేతబట్టుకొని, పల్లెమాటలను పడమటి దేశపు రాక్, రెగె ఫణితిలో కలిపి పాడిన యువకుల గుంపు అది. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు చేతులు కలుపవద్దు, నమస్కరించండని వారు పాడిన పాట మీ ఊరి మైకులలో కూడ మ్రోగియుండును. తరువాత ఆయన ఒంటరిగా పాడసాగిరి. ఆయన గొంతులో ఒక గరుకుదనమున్నది. నున్నగా పాడవలెనను తాపత్రయము లేదు. అరుగుమీద కూర్చున్నవాడు దారిన పోవువానిని పిలిచినట్లుండును. మాటను ఎక్కడ సాగదీయవలెనో, ఎక్కడ తుంచి పారవేయవలెనో ఆయనకు బాగుగా తెలియును. ఈ పాటకు ఆ గొంతే ప్రాణము. మరియొకరు పాడియుండినయెడల ఇది వారము దినములకు మించి బ్రదుకదని నా తలంపు.

ఇక పాట చెప్పునదేమి? టిల్లు అనువాడు హైదరాబాదు కుర్రవాడు. డాంబికుడు, మాటకారి. మొదటి చిత్రములో ఒక స్త్రీ వెంటబడి ఆపదలో చిక్కుకొనును. రెండవ దానిలో మరల అట్లే చిక్కుకొనును. అట్టివానిని చూచి పాట పైకి మెచ్చుకొనుచున్నట్లే లోపల వెక్కిరించును. అడుగకుండ, కష్టపడకుండ, డబ్బు పెట్టకుండ అదృష్టము వచ్చి ఒడిలో పడినది. ఇక ముందున్నది తమాషా, అని దాని భావము. పెద్దలు దీనిని జూదమును పొగడు పాట అనుకొనుచున్నారు. పాటను సగము విన్నందున వచ్చిన చిక్కు ఇది. అయాచితముగా వచ్చినది ఉరియై చుట్టుకొనునని చెప్పు పాట ఇది. మన రాష్ట్రములలో లాటరీ టికెట్ల అమ్మకము లేకపోయినను ఫోను ద్వారా పేకాట ఇంటిలోనికే వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను, పార్లమెంటు 2025లోను చట్టములు చేయవలసి వచ్చినంతటి ఆపద అది. వాటిలో పొలము పోగొట్టుకొన్న కుటుంబములు మీకును తెలియును. అట్టి కాలములో ఈ వెక్కిరింపు పూర్తిగా వ్యర్థమని నేననను.

సామెతల గ్రంథము ఏడవ అధ్యాయము తెరచి చూడుడి. జ్ఞాని తన కిటికీలోనుండి వీధిని చూచుచుండును. ప్రొద్దు గ్రుంకిన వేళ బుద్ధిలేని పడుచువాడొకడు ఒక ఇంటి మలుపు తట్టు నడచుట ఆయన కంటబడును. ఆ స్త్రీ పలికిన తీపిమాటలు, పరచిన పడక, చల్లిన పరిమళము, భర్త దూరదేశము పోయినాడను సంగతి, ఇవన్నియు ఆయన నాటకమువలె వర్ణించును. చివరకు ఆ పడుచువాడు వధకు పోవు ఎద్దువలె ఆమె వెంట పోవును. టిల్లు కథ అంతకంటె వేరా? వీధి ఒకటే, పడుచువాడు ఒకడే. సామెతల గ్రంథకర్త ఈ దినములలో మాధాపురములో ఐదవ అంతస్తులో కాపురముండినయెడల ఆ కిటికీలోనుండి ఇదే చూచియుండును.

అయితే ఇక్కడనే ఈ పాటతో నాకు పేచీ. జ్ఞాని ఆ కథను తన కుమారునికి చెప్పుచున్నాడు. ఆ అధ్యాయము కుమారుని పిలుచుటతో ఆరంభమగును, చివరిలో మరల కుమారులనే పిలుచును. ఆ మాటలలో భయమున్నది, ప్రేమయున్నది. ఈ పాట ఎవరికి చెప్పుచున్నది? పేరునకు ఆ కుర్రవానితోనే మాటలాడుచున్నది గాని, కన్నంతయు చుట్టు చేరిన గుంపుమీదనే. వాడు పడబోవుచున్నాడని పాడువానికి తెలియును, వినువారికి తెలియును. అయినను భుజము పట్టి ఆపుటకు ఎవడును వీధిలోనికి దిగడు. దిగినయెడల పాట ఆగిపోవును గదా! నవ్వు పుట్టించు నేర్పు సమృద్ధిగా నున్నది, జాలి లేదు. బృందములో పాడునప్పుడు ప్రక్కవాడు "చాలులేవోయ్" అనుటకు వీలుండును. ఒంటరిగా పాడువానికి ఆ భాగ్యము లేదు. ఇది రామ్ మిరియాలగారిని తప్పుపట్టుటకు అనలేదు. సినిమా అడిగినది ఆయన ఇచ్చినారు. కాని ఈ నవ్వును మన పిల్లలు ఏ చోట వినుచున్నారో తలంచినప్పుడు నాకు దిగులు కలుగుచున్నది.

హైటెక్ సిటీని చూడనివారికి ఒక మాట. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిననాడు ఆ ప్రాంతమున రాతిగుట్టలే అధికము. నేడు మాధాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అంతయు అద్దాల మేడలు. మన గ్రామములనుండి ఇంజనీర్లైనవారే కాదు, ఆ మేడలకు కాపలా కాయువారు, నేల తుడుచువారు, మోటారు సైకిలుమీద భోజనపు పొట్లములు మోయువారు కూడ అక్కడనే యున్నారు. అక్కడ ప్రతి వాకిటికి ఏదో ఒక చీటీ కావలెను. 2019 మార్చి నుండి నడచుచున్న మెట్రో రైలు గేటు కార్డు తాకించిననే తెరచుకొనును. కార్యాలయపు తలుపు మెడలోని గుర్తింపు కార్డును చూచిననే తెరచుకొనును. సైబర్ టవర్స్‌కు సమీపముననే శిల్పారామమను చోటున్నది. అందులో మట్టిగోడలు, పూరికప్పులు, పనివాండ్ర బొమ్మలు పెట్టి ఒక పల్లెటూరిని కట్టియుంచినారు. ఆ పల్లెను చూచుటకును టికెట్టు కొనవలెను! పల్లెనుండి పోయిన పిల్లవాడు ఆదివారము సాయంకాలము డబ్బిచ్చి పల్లెను చూచి వచ్చుట తలంచిన నవ్వును వచ్చును, దుఃఖమును వచ్చును.

అట్టి చోట "టికెట్టు కొననివాడు" అను మాట సామాన్యమైన హాస్యము కాదు. మా పాస్టరేటులోని ఒక చిన్న సంఘపు కుమారుడు అక్కడ ఉద్యోగము చేయుచుండెను. 2023లో అనేకులతోపాటు అతని పనియు పోయినది. ఆ పిమ్మట రెండు క్రిస్మస్ పండుగలకు ఊరికి రాలేదు. నేను పట్టణమునకు పోయినప్పుడు అతని హాస్టలు గదికి పోతిని. నాలుగు మంచములు, ఒక కిటికీ. పగలు దరఖాస్తులు పంపుకొనుచు, రాత్రులు భోజనపు పొట్లములు చేరవేయుచున్నాడు. ఎందుకు రాలేదని నేనడుగగా అతడు తలవంచుకొని, "ఊళ్ళో బస్సు దిగగానే జీతమెంత అంటారయ్యగారూ. గుళ్ళో పండగ చందాల లిస్టు చదివేటప్పుడు నా పేరు దగ్గర ఏం చదువుతారు?" అనెను. అతని ఫోనులో ఈ టికెట్టు పాటయు నుండెను, చౌరస్తావారి "ఊరెళ్ళిపోతా మామ" అను పాటయు నుండెను. ఊరికి పోయెదనని పాట వినుచు ఊరికి పోలేక ఆ గదిలో కూర్చుండెను.

చదువరులారా, చందాల పట్టిక చదువుట మన సంఘములలో ఎంత పాత ఆచారమో నాకు తెలియును. గుడికి రేకులు వేయుటకు, ప్రహరీ కట్టుటకు ఆ పట్టికయే ఆధారము. కాని ఆ పట్టిక పిల్లవాని కంటికి ఏమిగా కనబడుచున్నదో మీరు గమనించితిరా? మెట్రో గేటువలె కనబడుచున్నది. కార్డు తాకించనిదే తెరచుకొనదని అతడు నమ్మినాడు.

టికెట్టు లేకుండ వచ్చిన వాడొకడు లూకా సువార్త పదునైదవ అధ్యాయములో నున్నాడు. ఆస్తి పోగొట్టుకొని, పందులు మేపి, వట్టి చేతులతో వచ్చినాడు. కూలివానిగా నుండెదనని ఒక చిన్న టికెట్టునైనను దారిలో వ్రాసికొని తెచ్చుకొనినాడు గాని, తండ్రి దానిని పూర్తిగా చదువనీయలేదు. ఈ కథను మనము వేయిసార్లు చెప్పుకొన్నాము. అందులో పాటకు సంబంధించిన సంగతిని మాత్రము తరచుగా దాటిపోవుదుము. పొలమునుండి వచ్చిన పెద్దకుమారుడు మొదట చూచినది తమ్ముని కాదు, తండ్రిని కాదు. అతనికి మొదట వినబడినది వాద్యము, నాట్యముల సందడి. లోపలికి పోయి చూడక పనివాని పిలిచి ఇదేమిటని అడిగినాడు. ఆ సందడి టికెట్టు లేనివాని కొరకని తెలిసిన తరువాతనే అతనికి కోపము వచ్చినది. ఆ యింట వాయించిన రాగమేదో లూకా వ్రాయలేదు. భక్తిరాగమో, వీధిరాగమో, తండ్రికి నచ్చినదేదో!

ఇప్పుడు ఈ రెండు పాటలను ప్రక్కప్రక్కన పెట్టుడి. లోకపు పాటలో టికెట్టు కొననివానికి దొరికినది ఉరి. సువార్తలో టికెట్టు కొననివానికి దొరికినది ఉంగరము. లాటరీ విషయములో లోకపు పాట చెప్పినది నిజమే, నేను కాదనను. అయితే ఆ పాటనే రేయింబగళ్ళు వినువాడు, ఉచితముగా వచ్చునది యేదైనను మోసమే యని నేర్చుకొనినయెడల, మనము ప్రకటించు కృపను ఏ చెవితో వినును? ఈ పాటలో నాకు కనబడిన ప్రమాదము ఇది. పెద్దలు భయపడినట్లు బూతులో లేదు, జూదములో లేదు.

పెద్దలకు నచ్చిన పాట మరియొకటి కలదు. అదియు రామ్ మిరియాలగారు పాడినదే. 2023 మార్చి 3న వచ్చిన "బలగం" చిత్రములోని "ఊరు పల్లెటూరు" పాటను ఆయనయు మంగ్లిగారును కలిసి పాడిరి. మాటలు మరల కాసర్ల శ్యామ్‌గారివే. రాగము భీమ్స్ సిసిరోలియోగారిది. ఆ సంవత్సరపు చిత్రములకు 2025లో ప్రకటించిన జాతీయ పురస్కారములలో ఆ పాటకు ఉత్తమ గీతరచన బహుమానము వచ్చినది. ఒకే కలము, ఒకే గొంతు, ఒకే సంవత్సరము. ఒక పాటకు మన పెద్దలు తలలూపుచున్నారు, రెండవదానికి చెవులు మూసికొనుచున్నారు.

"ఊరు పల్లెటూరు" నిశ్చయముగా చక్కని పాట. పల్లెను తల్లితో పోల్చి, తెల్లవారుటనుండి అక్కడి పనిపాటలను, వరుసలు పెట్టి పిలుచుకొనుటను కన్నులకు కట్టించును. విన్నప్పుడు నాకును మనస్సు కరగినది. అయినను విను మనము ఎవరమో మరచిపోరాదు. మన సంఘములలో అత్యధికులు ఊరిలో పుట్టినవారు కారు. ఊరి బయటి పేటలో పుట్టినవారు. తాతల కాలమున ఊరి బావి మనది కాదు, ఊరి రచ్చబండ మనది కాదు, వరుస పెట్టి పిలుచుటకు బదులు మనలను పిలిచిన పిలుపులు వేరు. పల్లెను తలంచుకొని కంటతడి పెట్టుటకు మన పిల్లలకు సంపూర్ణమైన హక్కున్నది, అయితే ఆ కన్నీటికి కారణము ఊరు మాత్రమే కాదు. పేట, పేటలోని చిన్న గుడి, గుడిలో అమ్మ కూర్చుండు చాప. ఆ చాప ఏ సినిమా పాటలోను లేదు. దానిని గూర్చి వ్రాయవలసినవారు మన యింటిలోనే పుట్టవలెను.

ఇక తాళమును గూర్చిన ఆక్షేపణ. టిల్లు పాటలలోని వీధిదెబ్బ, హైదరాబాదువారు తీన్‌మార్ అను ఊరేగింపు దెబ్బ, గుడికి తగదని పెద్దల మాట. ఈ మాట వెనుక ఒక చరిత్రయున్నందున దానిని తేలికగా త్రోసివేయను. ఒంగోలు ప్రాంతమున క్లౌదొరగారి కాలములో, 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన ఆ ఉజ్జీవపు దినములలో, మన పెద్దలు విగ్రహముల జాతరలలో ఇక డప్పు కొట్టమని నిలువబడిరి. అందుకు దెబ్బలు తినిరి, బావినీళ్ళు పోగొట్టుకొనిరి. డప్పును క్రింద పెట్టుట వారికి ఒక సాక్ష్యము. ఆ సాక్ష్యమును నేను తక్కువ చేయను. అయితే వారు విడిచినది విగ్రహసేవను, వెట్టిని. తోలును, కర్రను కాదు. వారు క్రింద పెట్టిన డప్పు దెబ్బకు తోబుట్టువైన దెబ్బకే ఈనాడు అద్దాల మేడలలో జీతగాండ్రు శుక్రవారము రాత్రి గంతులు వేయుచున్నారు. ఎవరి చేతిలోనుండి అది వచ్చినదో వారికి తెలియదు. మన పిల్లలకైనను తెలియవలదా?

రాగములకు గేట్లు లేవు. బీటిల్స్ అను ఇంగ్లండు బృందము 1970లో విడిపోయిన పిమ్మట వారిలో జార్జి హారిసన్ "మై స్వీట్ లార్డ్" అను సింగిల్ ఒంటరిగా పాడి ప్రపంచమంతట పేరు పొందెను. హల్లెలూయా యనియు హరే కృష్ణ యనియు ఒకే పాటలో పలికిన ఆ కలగాపులగమును మనము ఒప్పుకొనజాలము. అది వేరు సంగతి. ఆ రాగము తమదని, 1963లో ప్రసిద్ధికెక్కిన "హీ ఈజ్ సో ఫైన్" అను ప్రేమపాట హక్కుదారులు వ్యాజ్యెము వేసిరి. 1976లో అమెరికా న్యాయమూర్తి, హారిసన్ కావలెనని దొంగిలించలేదు, తనకు తెలియకయే మనస్సులో నిలిచిన రాగమును వాడుకొనెనని తీర్పు చెప్పెను. దేవుని వెదకుచున్నానని పాడువాని నోట ప్రేమపాట రాగము తెలియకుండ దూరినది! మన పిల్లల నోటను అట్లే దూరును. చెవులు మూయించినంతమాత్రమున ఆగునది కాదు. మన కీర్తనల పుస్తకములో పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు నేటికిని నిలిచియుండుటకు కారణము, ఆయన దొరల రాగముల కొరకు చూడక ఈ దేశపు రాగతాళములనే చేపట్టుట.

వచ్చు క్రిస్మస్ నాటికి మా యౌవనస్థులు ఆ దెబ్బమీద ఒక పాట కట్టుకొనుటకు సెలవడిగినారు. పెద్దలలో ఇద్దరు ఇంకను సమ్మతింపలేదు. నేను పిల్లలకు చెప్పినది ఇంతే: దెబ్బను ఉంచుకొనుడి, వెక్కిరింపును తీసివేయుడి, లూకా పదునైదవ అధ్యాయమును మాటలుగా తీసికొనుడి. రెండు చరణములు వ్రాసి తెచ్చినారు. మొదటిదానిలో చిన్నవాడు పందుల దొడ్డిలో నున్నాడు. మాటలు మోటుగానున్నను బాగుగానున్నవి. రెండవదానిలో తండ్రి పరుగెత్తుచున్నాడు, అక్కడ దెబ్బ సరిగా సరిపోయినది. మూడవ చరణము, అన్న వాకిట నిలిచి ఆ సందడి ఏమిటని అడుగు చోటు, వారికి ఇంకను కుదరలేదు.